గోలీ గ్లౌజు

జీతాల రోజు సాయంత్రం వెల్డరు నోటును నాలుగు మడతలు పెట్టి గ్లౌజు బొటనవేల్లోకి దూర్చబోతే అది లోపలికి పోనంది. వేలితో నొక్కాడు. స్క్రూడ్రైవరు పిడితో పొడిచాడు. ఊహూఁ, అన్నం వద్దని పళ్ళు బిగించిన పిల్లాడిలా మొండికేసింది.

బస్సు డిపో వర్క్‌షాపులో, వెల్డింగు షెడ్డు గోడకు కొట్టిన మేకుకు వేలాడుతుంది ఆ గ్లౌజు. డిపో ఫుట్‌బాల్ జట్టుకు పదిహేనేళ్ళు గోల్‌కీపరుగా ఉన్న బ్రేకుల మెకానిక్‌ది. గోల్‌కీపరు కాబట్టి అందరికీ గోలీ. నలుగురూ కలిసి మ్యాచ్‌లు చూడ్డానికి యాప్ తీసుకున్నప్పుడు, ఫోను నంబరు గోలీది, బ్యాంకు ఖాతా గోలీది, పెత్తనం కూడా గోలీదే. తలా ఒక వేలు పంచాడు. బొటనవేలు వెల్డరుకి, చూపుడువేలు పెయింటరుకి, నడిమివేలు స్టోర్‌కీపరుకి. జీతాల రోజు ఎవరి వేల్లో వాళ్ళు నోటు పెట్టాలి. మర్నాడు పొద్దున గోలీ వచ్చి ఒక్కో వేలూ నొక్కి చూసేవాడు. "ఈ చూపుడువేలు చిక్కిపోయిందేంట్రా, జ్వరమా?" అని షెడ్డంతా వినబడేలా అడిగేవాడు. పెయింటరు తిట్టుకుంటూ జేబు తడుముకునేవాడు.

ఏడు నెలల కిందట ఒక మధ్యాహ్నం బస్సు కింద పడుకుని బ్రేకులు బిగిస్తూ బిగిస్తూ గోలీ మళ్ళీ బయటికి రాలేదు. గుండె ఆగిందన్నారు. చేతిలో స్పానరు అలాగే ఉంది.

వెల్డరు గ్లౌజును మేకు మీంచి తీసి, వెల్డింగు కడ్డీ కొసతో బొటనవేల్లో కెలికాడు. ఒక నోటు వచ్చింది. దాని వెనక ఇంకోటి, ఆ వెనక ఇంకోటి. మొత్తం ఆరు. అన్నీ నాలుగు మడతలవే, అన్నీ తను పెట్టినవే. చేతిలో ఉన్నదాంతో ఏడు. వెల్డరు వాటిని అరచేతిలో పరుచుకున్నాడు. నెల నెలా వేలు నింపి, నా వంతు నేను చేశాను అనుకుని నిశ్చింతగా ఇంటికి పోయిన మనిషతను.

పెయింటరునీ స్టోర్‌కీపరునీ కేకేశాడు. పెయింటరు తన వేలు తిరగేస్తే మూడు నోట్లు రాలాయి. "మిగతా నెలలు చెయ్యి ఆడలేదన్నా" అని తల గోక్కున్నాడు. స్టోర్‌కీపరు వేల్లో మాత్రం నెలకొకటి చొప్పున ఆరూ ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో రబ్బరు బ్యాండు. స్టోరులో నట్లూ బోల్టులూ ఎలా కట్టి పెడతాడో అలాగే.

"అంటే ఎవరూ గోలీ భార్యకు తీసుకెళ్ళి ఇవ్వలేదా?" అన్నాడు వెల్డరు.

"నువ్వు ఇస్తున్నావనుకున్నా" అన్నాడు స్టోర్‌కీపరు. "ఆదివారం ఆదివారం నువ్వేగా ఆమెకు ఫోన్ చేసేది."

"ఫోన్ చేసేది కోడ్ కోసంరా. నీ ఇల్లేగా అటువైపు. పోతూ పోతూ నువ్వు ఇస్తున్నావనుకున్నా."

"నేను మీ ఇద్దరిలో ఎవరో ఒకరు ఇస్తున్నారనుకున్నా" అన్నాడు పెయింటరు. అతను ఎప్పుడూ అంతే, అనుకోవడంలో కూడా ఒక వంతు తక్కువే వేసుకుంటాడు.

"మరి ఇన్నాళ్ళూ ఎవరు కడుతున్నట్టు?"

ఎవరు కడుతున్నారో ముగ్గురికీ తెలుసు. బ్యాంకు ఖాతా గోలీ పేరునా, భార్య పేరునా కలిసి ఉంది. నెల తిరిగేసరికి యాప్‌వాడు అడక్కుండానే కోసుకుంటాడు. మనిషి పోయాడా ఉన్నాడా అని వాడికి పట్టింపు లేదు. పక్క షెడ్డులో ఎవరో కంప్రెసరు ఆన్ చేశారు. ఆ మోతలో మాట్లాడకుండా నిలబడడం కాస్త తేలికైంది.

అందరూ నిజాయితీపరులే. ఒక్క నోటు కూడా పక్కకు పోలేదు. పోవాల్సిన ఇంటికి మాత్రం ఒక్కటీ పోలేదు.

"సరే, ఆదివారం మ్యాచ్ అయ్యాక తీసుకెళ్ళి ఇచ్చేస్తా" అన్నాడు వెల్డరు, నోట్లన్నీ ఒకచోట చేరుస్తూ.

స్టోర్‌కీపరు ఇనప స్టూలు లాక్కుని కూర్చుని ఫోను తీశాడు. "ఒక సంగతి చెబుతా, కోప్పడకండి. ఆదివారం సెమీఫైనల్ పాత యాప్‌లో వస్తుంది. ఫైనల్ దాంట్లో రాదు."

"రాకపోవడమేంటి?"

"ఫైనల్ హక్కులు వేరేవాడు కొన్నాడు. కొత్త యాప్. చూడు."

వెల్డరు చూశాడు. పెయింటరు అతని భుజం మీంచి చూశాడు. కొత్త యాప్‌లో నెలకింత అని కట్టే వీలు తీసేశారు. ఏడాదికి ఒకేసారి కట్టాలి. కట్టాక కూడా ప్రకటనలు వస్తాయి, ప్రకటనలు వద్దంటే ఇంకొంచెం కట్టాలి.

"వీళ్ళ దుంపతెగ" అన్నాడు పెయింటరు. "లీగు ఒకడి దగ్గర, కప్పు ఇంకొకడి దగ్గర. రేపు మొదటి సగం ఒకడు, రెండో సగం ఇంకొకడు అమ్ముతాడు. పోనీ డబ్బు తీసుకుని సరిగ్గా చూపిస్తాడా? మొన్న పెనాల్టీ కొట్టేముందు బొమ్మ ఆగి గుండ్రంగా తిరుగుతూ కూర్చుంది. మేడ మీదవాళ్ళు గోల్ అని అరిచారు, ఇక్కడ మనవాడు ఇంకా బంతి పెట్టుకుంటున్నాడు. గోల్ ముందే తెలిశాక చూసేదేముంది, పెళ్ళయ్యాక పెళ్ళిచూపులు!"

"ఊరికే వచ్చే లింకులున్నాయిగా?" అన్నాడు వెల్డరు.

"ఉన్నాయి. వైరస్ పట్టి మీ అల్లుడి ఫోను ఏమైందో గుర్తుందా?"

వెల్డరుకు గుర్తుంది. గోరుచుట్టు మీద రోకటిపోటులా, పాత యాప్‌వాడు కూడా ఈ నెల నుంచి రేటు పెంచుతున్నట్టు రాశాడని స్టోర్‌కీపరు చెప్పాడు. తర్వాత అసలు మాటకొచ్చాడు. ఏడాది ప్లానుకు ఎంత కావాలో, ఈ గ్లౌజులోంచి బయటపడ్డది అంతుంది. ఇంచుమించు సరిగ్గా సరిపోతుంది.

"అది ఆమె డబ్బురా" అన్నాడు వెల్డరు.

"కాదన్నానా? ఇద్దాం. వచ్చే నెల నుంచి తలా కాస్త ఎక్కువ వేసి ఇచ్చేద్దాం. ఫైనల్ మళ్ళీ వస్తుందా? మనవాళ్ళు ఫైనల్‌కి వెళ్ళి ఎన్నేళ్ళయింది? గోలీ ఉంటే ఏమనేవాడు?"

పోయినవాణ్ణి సాక్ష్యానికి పిలిస్తే వాడు కాదనడు. వెల్డరు గ్లౌజు వైపు చూశాడు. వేళ్ళన్నీ ఖాళీ అయి మెత్తబడి వాలి ఉన్నాయి.

"ఇన్నాళ్ళూ ఆమె ఒక్కసారైనా అడిగిందా?" అన్నాడు స్టోర్‌కీపరు. "అడగందే అమ్మయినా పెట్టదన్నా. అంత ఇబ్బందిగా ఉంటే అడిగి ఉండేదిగా."

వెల్డరు వద్దనలేదు. సరే అని కూడా అనలేదు. నోట్లు స్టోర్‌కీపరు చేతిలో పెట్టి, ఖాళీ గ్లౌజును మళ్ళీ మేకుకు తగిలించాడు. మనవాళ్ళు ఫైనల్‌కి వెళ్తే చూడాలని అతనికీ ఉంది. ఆ కోరిక ముందు మిగతాదంతా వచ్చే నెలకు వాయిదా పడింది.

ఆదివారం సెమీఫైనల్ నాలుగింటికి. మూడుంపావుకే ముగ్గురూ డిపో విశ్రాంతి గదిలో చేరారు. గదిలో గోడకు టీవీ, రెండు బల్లలు, డ్రైవర్లు ఆరేసుకున్న తువాళ్ళు. పెయింటరు టీ ఫ్లాస్కు తెచ్చాడు. స్టోర్‌కీపరు ముందే ఇంట్లో కొత్త యాప్‌కు డబ్బు కట్టేసి వచ్చాడు. రసీదు ఫోనులో చూపించాడు, ఎవరూ సరిగ్గా చూడలేదు.

టీవీ ఆన్ చేసి పాత యాప్ తెరిస్తే, ఎప్పటిలాగే అడ్డం పడింది. ఈ టీవీ మీ ఇంటిది కానట్టుంది, మీ ఫోనుకు పంపిన ఆరంకెల కోడ్ కొట్టండి అంది. రెండు వారాలకోసారి ఇది తప్పదు. ఈ మధ్య వారం వారం అడుగుతోంది. కోడ్ గోలీ ఫోనుకు వెళ్తుంది, ఆ ఫోను గోలీ భార్య దగ్గర ఉంటుంది. వెల్డరు ఫోన్ చేసి "చెల్లెమ్మా, కోడ్ వచ్చిందా?" అంటాడు. ఆమె అంకెలు చదువుతుంది. "ఉంటానమ్మా" అని ఇతను పెట్టేస్తాడు. రెండు నిమిషాలు దాటితే కోడ్ చచ్చిపోతుంది కాబట్టి మాట పెంచడానికి వీలుండదని అతని సమాధానం.

ఇవాళ ఫోను కలవలేదు. మళ్ళీ చేసినా అంతే.

"ఇవాళే చూసుకుని పెట్టుకుంది స్విచ్చాఫ్" అన్నాడు పెయింటరు.

ముగ్గుర్లో సైకిలున్నది వెల్డరుకే. పది నిమిషాల దారి. "త్వరగా వచ్చెయ్యన్నా, అక్కణ్ణించే ఫోన్‌లో చెప్పెయ్, మేం కొట్టేస్తాం" అన్నాడు స్టోర్‌కీపరు. వెల్డరు సైకిలెక్కాక గుర్తొచ్చింది, ఏడు నెలల తర్వాత ఆ ఇంటికి వెళ్తూ ఉత్త చేతులతో వెళ్తున్నానని. వీధి చివర పళ్ళ బండి కనిపించింది. ఆగలేదు. టైము మూడు నలభై.

ఆమె గది మూడంతస్తుల మేడలో కింద, మెట్ల పక్కన. తలుపు తీసే ఉంది. గుమ్మంలో నీళ్ళ బిందెలు నాలుగు నిండుగా ఉన్నాయి. అయిదోది మోసుకొస్తూ ఆమె అతన్ని చూసి ఆగిపోయింది.

"అయ్యో అన్నయ్యా, ఫోన్ చేశారా? ఇప్పుడే లేచా. నీళ్ళొచ్చాయని పిలిస్తే ఒక్క నిమిషం లేచా. లేకపోతే మూడింటి నుంచీ దాని దగ్గరే కూర్చున్నా."

బిందె దించి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ లోపలికి పరిగెత్తింది. వెల్డరు ఆమె వెనకే గడప దాటాడు. గదిలో ఒక మూల చొక్కాల గుట్ట, దాని పక్కన ఇంకో చిన్న గుట్ట. కుట్టుమిషన్ల కార్ఖానా నుంచి వచ్చిన చొక్కాలవి. వేలాడే దారపు కొసలు కత్తిరించి, గుండీలు లాగి చూసి, మడతపెట్టి ఇవ్వాలి. పెద్ద గుట్ట కత్తిరించాల్సింది, చిన్న గుట్ట కత్తిరించింది. నేలంతా తెల్లటి దారం ముక్కలు.

గోడకు ఆనించి గోలీ ఫోను. దాని బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచింది. చార్జరు వైరు మెడ దగ్గర తెగి, గుడ్డ పీలికతో కట్టి ఉంది. ఆమె కూర్చుని వైరును ఒక పక్కకు వంచి బొటనవేలితో నొక్కి పట్టుకుంది. ఫోను వెలిగింది. వేలు సడలిస్తే ఆరిపోయింది. మళ్ళీ నొక్కింది.

"ఇలా పట్టుకుంటేనే ఉంటుందన్నయ్యా. మిగతా రోజులు పట్టించుకోను. ఆదివారం మాత్రం పట్టుకుని కూర్చుంటా, మీకు ఆలస్యం కాకూడదని. ఈ ఎడమ చేత్తో పట్టుకుని కుడిచేత్తో దారాలు కత్తిరిస్తా. అలవాటైంది."

పగిలిన బస్సు చాసిస్‌లు అతికేవాడు వెల్డరు. ఆ వైరుకు అయిదు నిమిషాల పని, ఇంత టంకం. ఏడు నెలల్లో ఒక్క అయిదు నిమిషాలు. అతనికి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఫోను పూర్తిగా లేచాక మెసేజులు వరసగా పడ్డాయి. కోడ్, కోడ్, కోడ్. వాటి మధ్య బ్యాంకు నుంచి వచ్చింది ఒకటి, నిన్నటిది. పాత యాప్‌కు కొత్త రేటు కోసుకున్నట్టు. ఆమె ఆ మెసేజును వేలితో పక్కకు తోసేసి, అన్నిటికన్నా పైనున్న కోడ్ కోసం వెతికింది. అది గడువు దాటిపోయింది. వెల్డరు డిపోకు ఫోన్ చేసి మళ్ళీ పంపించమన్నాడు. ఈసారి వచ్చిన ఆరంకెలూ ఆమె చదివింది, అతను చెప్పాడు. అవతల "వచ్చేసింది, వచ్చేసింది" అని పెయింటరు అరుపు. "వచ్చెయ్యన్నా, జట్లు దిగుతున్నాయి!"

"మీరు వెళ్ళండన్నయ్యా, మొదలైపోతుంది" అంది ఆమె.

వెల్డరు వెళ్ళలేదు. కూర్చోమనకుండానే గోడవారగా కూర్చున్నాడు. ఎదురుగా చెక్క బల్ల మీద టీవీ ఉండాల్సిన చోట దుమ్ము పట్టని చదరం ఒకటి కనిపించింది. టీవీ అమ్మేసినట్టుంది.

"నువ్వు చూడవా, చెల్లెమ్మా? మ్యాచ్?"

"నాకేం తెలుసన్నయ్యా. ఆయన డిపోలో మీతోనే చూసేవాడు. ఇంట్లో ఉన్నప్పుడు వార్తలే."

"మరి నెల నెలా..." అని ఆగాడు. తేలు కుట్టిన దొంగలా ఇక మాట మింగి లాభం లేదు. "చెల్లెమ్మా, డబ్బు సంగతి. గ్లౌజులో మా వేళ్ళు..."

"తెలుసు. బొటనవేలు మీది." ఆమె కాస్త నవ్వింది. "జీతం మర్నాడు ఇంటికొచ్చి అన్నీ చెప్పేవాడు. ఏ వేలు లావైంది, ఏ వేలు చిక్కింది. ఆయన పోయాక మొదటి రెండు నెలలూ జీతాల రోజు సాయంత్రం గుమ్మంలోనే కూర్చున్నా. ఎవరో ఒకరు వస్తారని. డబ్బు కోసమే అని కాదు." దారం ఒకటి కత్తిరించింది. "తర్వాత మానేశాలెండి. చొక్కాలు ఇంకో పాతిక ఎక్కువ తెచ్చుకుంటే సరిపోయింది."

"అడగాల్సింది, చెల్లెమ్మా."

"ఏమని అడగను? అడిగితే మీరు ఇచ్చేసి, ఈ గోలెందుకని వేరే నంబరు పెట్టుకుంటారేమోనని."

వెల్డరుకు ఆ మాట సరిగ్గా ఎక్కలేదు. అతని తల నిండా తన తప్పే ఉంది. అది కక్కేస్తేగాని ఊపిరాడేలా లేదు. గ్లౌజు సంగతంతా చెప్పాడు. ఎవరికి వాళ్ళు వేలు నింపి ఊరుకున్నారని, ఒకరు ఇస్తున్నారని ఒకరనుకున్నారని, మొన్న గురువారం అదంతా బయటపడిందని. బయటపడ్డది ఏమైందో కూడా చెప్పాడు.

"ఫైనల్ పాత దాంట్లో రాదట. కొత్త యాప్‌కు ఏడాదికి కట్టేశాం, చెల్లెమ్మా. ఇవాళ పొద్దున. నీ డబ్బు. నేను వద్దనలేదు. వచ్చే నెల తప్పకుండా..."

ఆమె తిడుతుందని ఎదురుచూశాడు. తిడితే బావుండుననుకున్నాడు. ఆమె చొక్కాను ఒళ్ళో పరిచి, చేతుల మడత సరిచేసి, చిన్న గుట్ట మీద పెట్టింది. ఇంకోటి తీసుకోలేదు.

"ఆ కొత్తదానికి కోడ్ ఎవరి ఫోనుకి వస్తుందన్నయ్యా?"

"స్టోర్‌కీపరు ఫోనుకి. వాడి పేరు మీదే తీసుకున్నాం."

"అంటే ఈ పాతది ఇక తీసేస్తారు."

"తీసేస్తాం. నీకు ఆ ఖర్చు కూడా తప్పుతుంది."

"అయితే ఇక నాకు ఫోన్ చెయ్యరన్నమాట" అంది ఆమె.

మామూలుగానే అంది. నిందగా కాదు, ఒక సంగతి సరిగ్గా అర్థమైందో లేదో చూసుకున్నట్టు అంది. వైరు మీద నొక్కిన వేలు అలాగే ఉంది, గోరు చుట్టూ తెల్లబడి. ఈ ఫోనుకు వేరే ఎవరూ చెయ్యరని, ఈ గదికి నీళ్ళ పిలుపు తప్ప వేరే పిలుపు లేదని వెల్డరుకు అప్పటికి తెలిసింది. వారానికోసారి ఆరంకెలు చదివే ఆ ఒక్క పిలుపు కోసం ఆమె ఎక్కువగా తెచ్చుకున్న చొక్కాలు కళ్ళముందే గుట్టగా ఉన్నాయి.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయినా, ఏదో ఒకటి చెయ్యకుండా ఉండలేకపోయాడు. జేబులోంచి తన ఫోను తీసి పాత యాప్ నొక్కాడు. "చూద్దాం, చెల్లెమ్మా. నీ డబ్బుతో నడుస్తోంది, నువ్వు ఒక్కసారైనా చూడాలి." తెర నల్లగానే ఉండి, అక్షరాలు వచ్చాయి. ఈ ఖాతా ఇప్పుడు వేరే తెర మీద నడుస్తోందట. ఒకసారికి ఒక్క తెరకే అనుమతట. స్టోర్‌కీపరుకు ఫోన్ చేశాడు.

"ఒక పావుగంట అక్కడ ఆపండ్రా. ఇక్కడ చెల్లెమ్మ చూస్తుంది."

"ఏంటన్నా, మతి పోయిందా? కార్నర్ కొడుతున్నారు! ఆమె ఎప్పుడు చూసింది ఆట? నువ్వు రా ముందు." పెట్టేశాడు.

అక్షరాల కింద చిన్న గడి ఉంది, మిగతా తెరలన్నీ ఆపెయ్యమని. వెల్డరు దాన్ని నొక్కాడు. పాస్‌వర్డు అడిగితే కొట్టాడు. గోలీ పెట్టిన పాస్‌వర్డే అది, గోలీ భార్య పేరు. ఒక్క క్షణం గుండ్రంగా తిరిగి, అరచేతంత తెర నిండా పచ్చటి మైదానం పరుచుకుంది.

ఆమె ముందుకు వంగింది. "ఇందులో ఆయన నిలబడే చోటేది?"

వెల్డరు వేలితో చూపించాడు. తెల్లటి రెండు స్తంభాల మధ్య చిన్నగా ఒక మనిషి, పచ్చ గ్లౌజులు. బంతి అటు చివరికి పోయింది, జట్టంతా దాని వెనక పరిగెత్తింది. ఆమె చూపు అక్కడే ఉంది, ఖాళీగా నిలబడ్డ ఆ మనిషి మీద. "ఎవరూ లేరు దగ్గర" అంది.

అంతలో గోలీ ఫోను టింగుమంది. తెర మీద కొత్తగా ఆరంకెలు. ఆ వెనకే మోగింది. ఫోను చెవి దాకా తీసుకెళ్తే వైరు అందదు కాబట్టి ఆమె స్పీకరు నొక్కింది. వెల్డరు చెయ్యి చాపి, ఆమె వేలు తీసేలోపే, వైరును అదే వంపులో తన బొటనవేలితో నొక్కి పట్టుకున్నాడు. ఆమె రెండు చేతులూ ఏడు నెలల ఆదివారాల్లో మొదటిసారి ఖాళీ అయ్యాయి.

"చెల్లెమ్మా, టీవీ ఆగిపోయింది. కోడ్ వచ్చిందా?" స్టోర్‌కీపరు గొంతు.

ఆమె ఆ అంకెల వైపు చూసింది. వెల్డరు వైపు చూసింది. వెల్డరు తల దించుకుని వైరునే చూస్తున్నాడు.

"బాగున్నారా అన్నయ్యా?" అంది ఆమె. "వదినగారి మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి?"

"ఆఁ... పర్లేదమ్మా. నడుస్తోంది. కోడ్..."

"మెట్లెక్కగలుగుతున్నారా? మందులు మార్చారా, పాతవేనా?"

"మార్చారు. మార్చారమ్మా. చెల్లెమ్మా, కోడ్ చూడు, టైమైపోతుంది."

ఆమె చూస్తూనే ఉంది. ఆరంకెలూ ఆమె ముఖానికి జానెడు దూరంలో వెలుగుతున్నాయి.

"ఇంకా రాలేదన్నయ్యా" అంది. "కాసేపాగి మళ్ళీ చెయ్యండి."

ఫోను ఒళ్ళో పెట్టుకుని, నుదుటి మీద పడ్డ జుట్టు వెనక్కి సర్దుకుంది. చిన్న తెరలో ఎవరో పడ్డారు, ఎవరో ఈల వేశారు, వెల్డరు చూడలేదు. వైరు కదలకుండా పట్టుకున్నాడు.

రెండు నిమిషాలకు మళ్ళీ మోగింది. ఈసారి పెయింటరు. ఆమె రెండు రింగులు పోనిచ్చి ఎత్తింది, అతని కూతురు ఏ తరగతికి వచ్చిందని అడిగింది.